ఊరుకాని ఊళ్లో జియు-జిట్సు: అకాడమీని ఎంచుకునే ముందు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒకటి రెండేళ్లుగా బ్రెజిలియన్ జియు-జిట్సు (నేల మీద పెనుగులాడుతూ పట్లతో ఎదుటివారిని లొంగదీసే విద్య) నేర్చుకుంటున్నవారు ఉద్యోగం పని మీద డాలస్‌కో, బంధువులను చూడటానికి అబుదాబీకో, ఈ విద్య పెరిగిన చోటు చూడాలన్న కోరికతో రియో డి జనీరోకో వెళ్లినప్పుడు, అక్కడి అకాడమీలో కొన్నాళ్లు సాధన చేయాలనుకోవడం సహజం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి వెతికితే పెద్ద నగరాల్లో అకాడమీలకు కొదవ ఉండదు. బోర్డుల మీద గొప్ప పేర్లు, గోడల నిండా పతకాలు, పొగడ్తలతో నిండిన రేటింగులు కనిపిస్తాయి. వీటిలో దేనికి వెళ్లాలని అడిగితే, పేరున్న అకాడమీకే వెళ్లమని చాలామంది చెబుతారు. ఆ సలహా సరిపోదని నా నమ్మకం. బోర్డు మీద ఎవరి పేరుందన్న దానికంటే మ్యాట్ మీద మీతో ఎవరు తలపడతారు, ఎలా తలపడతారు అన్నదే ప్రయాణికుడికి ముఖ్యం.

దీనికి కారణం ఈ విద్య స్వభావంలోనే ఉంది. జియు-జిట్సులో రోజూ పూర్తి ప్రతిఘటనతో తలపడతారు. ఎదుటివాడు మీ మెడను చేతుల మధ్య బిగిస్తాడు, మోచేతిని వెనక్కి వంచుతాడు, మీరు చేత్తో తట్టగానే వదిలేస్తాడు. ఆ వదలడం మీదనే సాధన మొత్తం ఆధారపడి ఉంది. సొంత అకాడమీలో ఆ నమ్మకం నెలల తరబడి కలిసి చెమటోడ్చడం వల్ల ఏర్పడుతుంది. పరాయి ఊళ్లో మాత్రం పేరు కూడా సరిగా తెలియని మనిషికి మొదటి రోజే మీ మోచేతిని అప్పగిస్తారు. అకాడమీ ఎంపికను అందుకే సరదా వ్యవహారంగా తీసుకోకూడదు.

మొదటి చిక్కు ‘ఎవరి శిష్యులు’ అన్న దగ్గర వస్తుంది. ఇది ఎందుకంత సున్నితమైన విషయమో తెలియాలంటే రియో చరిత్ర కొంత తెలుసుకోవాలి. జపాన్‌లోని కొడోకాన్ జూడో సంస్థలో తయారైన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరి, తర్వాత ఉత్తరాన ఉన్న బెలెం నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ ఆయన వద్ద నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ 1925లో రియోలో అకాడమీ తెరిచాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. తమ్ముడు హీలియోతో కలిసి ఆయన పెంచిన శాఖే లోకానికి ఎక్కువగా తెలుసు. అదే మయేదా నుంచి ఆయన శిష్యుడు లూయీజ్ ఫ్రాన్సా ద్వారా వచ్చిన మరో శాఖ ఒస్వాల్దో ఫద్దా చేతిలో రియో శివారు బస్తీల్లో పెరిగింది. ఫీజు కట్టలేని వారికీ నేర్పిన ఫద్దా 1950ల మధ్యలో గ్రేసీ అకాడమీకి సవాలు విసిరాడు, ఆయన శిష్యులు గెలిచారు. అలాంటి పోటీల మధ్య పెరిగిన అకాడమీలు ఒకదాన్నొకటి ప్రత్యర్థి శిబిరంగానే చూసుకున్నాయి. ఒక చోట నేర్చుకుని మరో చోటికి వెళ్లిన శిష్యుడిని ద్రోహి అన్నారు. అలాంటివాడికి రియోలో వచ్చిన ‘క్రియోంచి’ అన్న పేరును ఈ రంగంలోని వారు ఇప్పటికీ వాడుతున్నారు.

1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన, వేర్వేరు యుద్ధవిద్యలవారు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో హీలియో కుమారుడు రాయిస్ గ్రేసీ గెలిచాక పరిస్థితి మారిపోయింది. 1994లో అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐబీజేజేఎఫ్ ఏర్పడింది, 1996లో మొదటి ప్రపంచ పోటీలు రియోలో జరిగాయి, ఆ తర్వాత విదేశీ విద్యార్థులు రియోకు బారులు తీరారు. ఎక్కడివారైనా వచ్చి సాధన చేయవచ్చన్న ధోరణి క్రమంగా బలపడింది. డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ గ్రౌగార్ట్ ప్రపంచమంతా తిరుగుతూ దొరికిన అకాడమీలో సాధన చేసి, తర్వాత బీజేజే (బ్రెజిలియన్ జియు-జిట్సు) గ్లోబ్‌ట్రాటర్స్ అన్న సంఘాన్ని ప్రారంభించాడు. ఏ శిబిరానికి చెందినవారైనా, ఏ శిబిరానికీ చెందనివారైనా అందులో చేరవచ్చు. కాబట్టి నేడు రెండు సంస్కృతులూ పక్కపక్కనే ఉన్నాయి. అతిథిని ఆప్యాయంగా పిలిచే అకాడమీ ఉన్న వీధిలోనే, ఇంకో అకాడమీ చిహ్నం ఉన్న గీ (సాధనలో వేసుకునే మందపాటి దుస్తులు) వేసుకుని వస్తే మొహం చిట్లించే అకాడమీ కూడా ఉండవచ్చు.

ఈ చిక్కును విప్పే సులువైన మార్గం బయలుదేరే ముందు మీ కోచ్‌తో మాట్లాడటం. ఆయన దగ్గర అనుమతి కోసం చేతులు కట్టుకుని నిలబడాలని నా ఉద్దేశం కాదు. ఆ ఊళ్లో నమ్మదగిన వారెవరో, ఎవరితో పాత గొడవలు ఉన్నాయో, ఎక్కడ కొత్తవారిని పట్టించుకోరో ఆయనకు తెలిసే అవకాశం ఎక్కువ. ఆయన పంపే చిన్న సందేశంతో మీరు అపరిచితుడిగా కాక ఫలానా వారి శిష్యుడిగా అక్కడ అడుగుపెడతారు. పాతబస్తీ తాలీముల్లో ఉస్తాదుకు సలాం చెప్పి, ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పిన తర్వాతే అఖాడా మట్టిలో కాలు పెట్టే మర్యాద తెలిసినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు.

మీ అకాడమీ పేరే ఆ ఊళ్లోనూ కనిపిస్తే సమస్య తీరిపోయిందని అనుకోకూడదు. ఒకే పేరు కింద ఉండే శాఖల మధ్య సంబంధాలు రకరకాలుగా ఉంటాయి. రియోలోని బార్రా ద తిజూకా ప్రాంతంలో 1986లో మొదలైన గ్రేసీ బార్రా వంటి సంస్థల్లో పాఠ్యక్రమం, యూనిఫాం, తరగతి నడిచే తీరు చాలావరకు ఒకేలా ఉంటాయి. మరికొన్ని సంస్థల్లో శాఖ యజమాని ఏటా కొంత రుసుము కట్టి పేరు వాడుకుంటాడు, ప్రధాన గురువు అప్పుడప్పుడూ వచ్చి సెమినార్ ఇచ్చి వెళతాడు, మిగతాదంతా యజమాని ఇష్టమే. అందుచేత బోర్డు మీది పేరు చూసి లోపలి తరగతిని ఊహించలేం.

ఇంకో గందరగోళం ‘జియు-జిట్సు’ అన్న పేరుతోనే ఉంది. ఇదే పేరుతో, లేదా జుజుత్సు, జుజిట్సు అన్న రూపాలతో, జపాన్ సంప్రదాయ విద్యలు నేర్పే కేంద్రాలు మన దేశంలోనూ బయటా ఉన్నాయి. వాటికి వాటి విలువ ఉంది, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు. టైంటేబుల్ చూస్తే తేడా చాలావరకు తెలిసిపోతుంది. గీ, నో-గీ (గీ లేకుండా చేసే) తరగతులు విడివిడిగా ఉండటం, రోలింగ్‌కో (జతలుగా తలపడటానికి) ఓపెన్ మ్యాట్‌కో (పాఠం లేకుండా ఎవరికి వారు తలపడే సాధనకు) సమయం కేటాయించడం బ్రెజిలియన్ పద్ధతికి గుర్తులు. అంతకంటే ముఖ్యం, అక్కడి కోచ్‌కు బ్లాక్ బెల్టు ఎవరిచ్చారన్నది. పెద్దలకు బెల్టులు వరుసగా వైట్, బ్లూ, పర్పుల్, బ్రౌన్, బ్లాక్. ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారం సాధారణంగా బ్లూ బెల్టులో రెండేళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది కనీసం గడపాలి. బ్లాక్ బెల్టుకు కనీస వయసు 19. ఇవి కనీస గడువులు మాత్రమే. సాధారణ విద్యార్థికి వైట్ నుంచి బ్లాక్ దాకా దాదాపు పదేళ్లు పడుతుంది. అందువల్ల గురుపరంపర అడగడం ఈ రంగంలో తప్పు కాదు. నిజమైన బెల్టు ఉన్నవారు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు. తడబడేవారి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

అలాగని బ్లాక్ బెల్టు లేని చోటును కొట్టిపారేయకూడదు. ఈ విద్య కొత్తగా చేరిన ఊళ్లలో పర్పుల్, బ్రౌన్ బెల్టులే తరగతులు నడుపుతారు. మన దేశంలోనూ చాలాచోట్ల అలాగే మొదలైంది. తన బెల్టు ఎవరిచ్చారో, తనకు ఎంతవరకు తెలుసో దాచకుండా చెప్పే పర్పుల్ బెల్టు కోచ్‌ను, పరంపర అడిగితే మాట మార్చే బ్లాక్ బెల్టు కంటే నేను వెయ్యి రెట్లు నమ్ముతాను.

జాబితాను కుదించుకున్నాక వెళ్లబోయే అకాడమీకి ముందుగా సందేశం పంపాలి. మీ బెల్టు, ఎన్నాళ్లుగా సాధన చేస్తున్నదీ, ఏ తేదీల్లో ఉంటారో, గీ కావాలో నో-గీ కావాలో, పాత గాయాలు ఏమైనా ఉన్నాయో రాసి, అతిథులకు ఫీజు ఎంతో, వారు ఏ తరగతికి రావచ్చో అడగాలి. బ్రెజిల్‌లో ఇలాంటి వ్యవహారమంతా వాట్సాప్‌లోనే నడుస్తుంది. పోర్చుగీసు రాకపోయినా అనువాద యాప్ సాయంతో రాసిన రెండు వాక్యాలు చాలు. వచ్చే జవాబును జాగ్రత్తగా చదవాలి. మీ అనుభవం గురించి, గాయాల గురించి తిరిగి ప్రశ్నలు అడిగిన అకాడమీ తన విద్యార్థుల గురించీ మీ గురించీ ఆలోచిస్తోందని అర్థం. డబ్బు కట్టే లింకు ఒక్కటే పంపిన చోట నేనైతే ఇంకొన్ని ప్రశ్నలు అడిగి చూస్తాను.

డ్రాప్-ఇన్ ఫీజు, అంటే అతిథి ఒక్కో తరగతికి కట్టేది, చోటును బట్టి మారుతుంది. అమెరికా నగరాల్లో ఒక్క తరగతికి 20 నుంచి 40 డాలర్లు అడగడం సాధారణం. వారానికో నెలకో పాస్ తీసుకుంటే తగ్గుతుంది. కొన్నిచోట్ల అతిథి దగ్గర అసలేమీ తీసుకోరు. అలాంటి చోట వారి టీషర్టు ఒకటి కొనడం మంచి సంప్రదాయం. అడిగిన ఫీజు దగ్గర బేరమాడటం మాత్రం తగదు. పెద్ద నగరంలో మ్యాట్ పరచడానికి సరిపడే హాలు అద్దె ఎంత ఉంటుందో ఊహించుకుంటే, అకాడమీ నడపడం ఎంత కష్టమో తెలుస్తుంది.

రియో గురించి ప్రత్యేకంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారు చరిత్ర ప్రసిద్ధమైన పేర్ల జాబితా రాసుకుని అన్నీ చూడాలనుకుంటారు. కానీ కోపకబానా, ఇపనేమా, ఉమాయితా వంటి దక్షిణ ప్రాంతపు పేటలు ఒకవైపు, బార్రా ద తిజూకా చాలా దూరంగా మరోవైపు ఉంటాయి. కోపకబానాలో గది తీసుకుని రోజూ బార్రాకు వెళ్లాలనుకుంటే సాధన కంటే ట్రాఫిక్‌లోనే ఎక్కువ సేపు గడపవలసి వస్తుంది. బస చేసిన చోటికి నడక దూరంలో ఉన్న సాధారణ అకాడమీకి వారంలో ఐదు రోజులు వెళ్లడం, పేరున్న దూరపు అకాడమీకి ఒక్క రోజు వెళ్లి ఫొటో దిగి రావడం కంటే చాలా ఎక్కువ నేర్పుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఎండాకాలం. గాలిలోని తేమకు మందపాటి గీ ఒక రాత్రిలో ఆరదు, రెండు గీలు తప్పనిసరి. కార్నివాల్ రోజుల్లో తరగతులు ఆగిపోవచ్చు, ముందే కనుక్కోవాలి. బ్రెజిల్ నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపించాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఆ టీకా వేయించుకోవాలన్నది కూడా మరచిపోకూడదు.

రియో కొండల మీది ఫవేలా బస్తీల్లో పిల్లలకు ఉచితంగా నేర్పే అకాడమీలు ఉన్నాయి. ప్రపంచ విజేతగా వెలిగి, వ్యసనంతో పోరాడి తిరిగి నిలబడిన ఫెర్నాందో తెరెరె కాంటగాలో బస్తీలో నడిపే అకాడమీ వాటిలో ప్రసిద్ధమైనది. అతిథుల ఫీజులు, వారు ఇచ్చే గీలు ఇటువంటి చోట్ల నేరుగా పిల్లలకు ఉపయోగపడతాయి. అయితే బస్తీలోకి ఒంటరిగా దారి వెతుక్కుంటూ వెళ్లకూడదు. ముందుగా మాట్లాడుకుని, వారు పంపిన మనిషితో కలిసి వెళ్లాలి.

ఇప్పుడు మ్యాట్ దగ్గరికి వద్దాం. వీలైతే మొదటి తరగతిని పక్కన కూర్చుని చూడాలి. అనుమతించని అకాడమీ ఉంటే అదే ఒక సమాచారం. కోచ్ చూపించే టెక్నిక్ ఎంత అద్భుతంగా ఉందన్న దాని మీద అప్పుడు దృష్టి పెట్టనక్కరలేదు. రోలింగ్ మొదలయ్యాక గదిని గమనించండి. తొంభై కిలోల బ్రౌన్ బెల్టు యాభై కిలోల అమ్మాయితో తలపడేటప్పుడు తన బరువును ఎలా వాడుతున్నాడు? తట్టిన క్షణంలోనే వదులుతున్నారా, ఇంకొంచెం బిగించి మరీ వదులుతున్నారా? ఎవరితో ఎవరు తలపడాలో కోచ్ చూసి జత చేస్తున్నాడా, ఫోన్‌లో మునిగిపోయాడా? అలసిపోయి ఒక రౌండ్ ఆగుతానన్న వ్యక్తిని ఎగతాళి చేస్తున్నారా? పై బెల్టువారు కొత్తవారిని చూసుకునే తీరులోనే ఆ అకాడమీ గుణం బయటపడుతుంది. ఎందుకంటే వారు తమ గురువు చేసినదాన్నే చేస్తారు, చెప్పినదాన్ని కాదు.

మహిళలకు ఈ పరిశీలన మరింత అవసరం. ఇటీవలి సంవత్సరాల్లో ఈ రంగంలో పేరున్న కోచ్‌ల మీద కూడా లైంగిక వేధింపుల ఆరోపణలు బహిరంగంగా వచ్చాయి. అకాడమీలో క్రమం తప్పకుండా వచ్చే మహిళలు ఎంతమంది, పై బెల్టుల్లో వారు ఉన్నారా, ఫిర్యాదు చేయవలసి వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి అడగాలి. అక్కడ సాధన చేసే మహిళను నేరుగా అడగడం అన్నింటికంటే మంచిది. ఎవరితోనైనా రోల్ చేయనని కారణం చెప్పకుండానే అనే హక్కు అందరికీ ఉంది, దాన్ని మన్నించని చోట ఒక్క రోజు కూడా ఉండనక్కరలేదు.

తరగతుల పేర్లు కూడా చూసుకోవాలి. ఫండమెంటల్స్ (ప్రాథమిక పాఠాల) తరగతి వైట్ బెల్టు అతిథికి సరైనది. ప్రపంచ పోటీలకు తయారవుతున్న బృందాల కాంపిటీషన్ తరగతిలో వేగం, బలం రెండూ తారస్థాయిలో ఉంటాయి. సెలవు మీద వచ్చినవారు అక్కడ ఇమడలేరు. శని, ఆదివారాల్లో జరిగే ఓపెన్ మ్యాట్ ప్రయాణికులకు అనువైనదే. కానీ అక్కడ పాఠం ఉండదు, పర్యవేక్షణ కూడా తక్కువ. ముందు ఒక మామూలు తరగతికి వెళ్లి నలుగురితో పరిచయం అయ్యాక ఓపెన్ మ్యాట్‌కు వెళ్లడం క్షేమం. ఎడ్డీ బ్రావో స్థాపించిన టెన్త్ ప్లానెట్ అకాడమీల్లో గీ వాడరు, వారి టెక్నిక్‌ల పేర్లు కూడా వేరు. కాలిఫోర్నియాలోని టోరెన్స్ కేంద్రంగా నడిచే గ్రేసీ యూనివర్సిటీ పద్ధతిలో ప్రారంభ కోర్సు స్పారింగ్ (ప్రతిఘటనతో తలపడటం) లేకుండానే సాగుతుంది. ఇది మంచిదా అది మంచిదా అన్న వాదన ప్రయాణికుడికి అనవసరం, తనకు ఏది కావాలో ముందే తెలుసుకుని వెళితే చాలు.

రోలింగ్‌కు ముందు తప్పక అడగవలసిన ప్రశ్న కాళ్ల లాక్‌ల గురించి. ఐబీజేజేఎఫ్ పోటీల్లో హీల్ హుక్‌ను (మడమను పట్టి మోకాలిని మెలితిప్పే లాక్‌ను) వయోజన బ్రౌన్, బ్లాక్ బెల్టులకు, అదీ నో-గీలో మాత్రమే, 2021 నుంచి అనుమతిస్తున్నారు. కొన్ని అకాడమీల్లో మాత్రం వైట్ బెల్టులు కూడా రోజూ హీల్ హుక్ సాధన చేస్తారు. ఈ లాక్‌తో చిక్కేమిటంటే, నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంటుకు దెబ్బ తగిలి ఉండవచ్చు. అలవాటు లేనివారు కాలు చిక్కిందని తెలియగానే తట్టాలి. విడిపించుకోవాలని వెర్రిగా తిరగడం వల్లనే మోకాళ్లు పోతాయి. చేతులు రెండూ ఇరుక్కుంటే కాలితో తట్టవచ్చు, గట్టిగా అరవవచ్చు. ఏ దేశంలోనైనా ఆ అరుపుకు అర్థం ఒక్కటే.

అతిథి ధర్మం కూడా ఉంది. పావుగంట ముందే వెళ్లి కోచ్‌ను కలవాలి. చిహ్నాలు లేని తెల్ల గీ ఎక్కడైనా చెల్లుతుంది. వరుసలో నిలబడేటప్పుడు మీ బెల్టువారి చివరన నిలబడితే సరిపోతుంది. కోచ్ చూపించిన పద్ధతి మీకు తెలిసినదానికి భిన్నంగా ఉన్నా, ఆ రోజుకు ఆయన చెప్పినట్టే చేయాలి, పక్కవారికి మీ పద్ధతి నేర్పబోకూడదు. మొదటి రౌండ్‌లో సగం వేగంతో మొదలుపెడితే ఎదుటివారు కూడా సాధారణంగా అదే వేగానికి వస్తారు. సుదీర్ఘ విమాన ప్రయాణం తర్వాత ఒళ్లు బిగుసుకుపోయి, నిద్ర లేక ఉన్న రోజున గట్టిగా తలపడకపోవడం వివేకం.

చర్మ వ్యాధుల విషయంలో మొహమాటం పనికిరాదు. తామర, స్టాఫ్ బ్యాక్టీరియా పుండ్లు, హెర్పిస్ పొక్కులు మ్యాట్ మీద ఒకరి నుంచి ఒకరికి సులభంగా పాకుతాయి. అనుమానాస్పదమైన మచ్చ ఉంటే మానేయాలి. ప్రయాణికుడు ఒక ఊరి అంటువ్యాధిని మరో ఊరికి మోసుకుపోగలడు కాబట్టి అతని బాధ్యత రెట్టింపు. గోళ్లు తీసుకోవడం, మ్యాట్ దిగితే చెప్పులు వేసుకోవడం, తరగతి ముగియగానే సబ్బుతో స్నానం చేయడం తప్పనిసరి. మరుగుదొడ్డికి చెప్పులు లేకుండా వెళ్లి తిరిగి మ్యాట్ ఎక్కేవారిని ఎవరూ వారించని అకాడమీకి, దాని పేరు ఎంత గొప్పదైనా, మళ్లీ వెళ్లకండి.

లోపలికి వెళ్లే ముందు సంతకం చేయించుకునే వెయివర్ (అకాడమీ బాధ్యతను తొలగించే) పత్రం ప్రకారం గాయాల భారం చాలావరకు మీ మీదే ఉంటుంది. ప్రయాణ బీమా ఉంది కదా అనుకుంటాం, కానీ చాలా పాలసీల్లో యుద్ధ క్రీడలను మినహాయిస్తారు. మినహాయింపుల పేజీ చదివి, అవసరమైతే క్రీడల కోసం అదనపు కవరేజీ కొనాలి. అమెరికాలో భుజం జారితే అయ్యే ఆసుపత్రి ఖర్చు ముందు ఆ అదనపు ప్రీమియం లెక్కలోకి రాదు.

ఇంతవరకు చెప్పినది కొద్ది రోజుల అతిథుల గురించి. చదువు కోసమో ఉద్యోగం కోసమో ఏడాది, రెండేళ్లు ఉండబోయేవారికి కొలతలు వేరు. అతిథికి గదిలోని మనుషుల తీరు చాలు, స్థిరపడేవారికి బోధన క్రమం, తరగతి వేళలు, మీ బరువూ వయసూ ఉన్న జోడీలు, ఇంటి నుంచి దూరం అన్నీ లెక్కలోకి వస్తాయి. అమెరికాలో మొదటి తరగతిని ఉచితంగా ఇవ్వడం మామూలే. రెండు మూడు చోట్ల చూసి, నచ్చిన చోటికి వారంలోని వేర్వేరు రోజుల్లో వెళ్లి చూడాలి, ఎందుకంటే సోమవారం ప్రధాన కోచ్ వచ్చి మిగతా రోజులు ఇంకెవరో నేర్పే చోట్లు ఉన్నాయి. బెల్టు విషయంలో పాత గురువుకూ కొత్త గురువుకూ మధ్య దాపరికం ఉండకూడదు. ఇకపై ఎవరి దగ్గర బెల్టు తీసుకోవాలన్నది ఇద్దరితోనూ బాహాటంగా మాట్లాడాలి, కొందరు కోచ్‌లు పాత గురువును సంప్రదించాకే ప్రమోషన్ ఇస్తారు. ఇక అమెరికా అకాడమీలు ఇచ్చే ఒప్పందాలు తరచుగా ఆరు నెలలకో ఏడాదికో ఉండి, గడువు ముగియగానే వాటంతట అవే పొడిగింపు అవుతాయి. సంతకానికి ముందు మూడు సంగతులు కాగితం మీద చూసుకోవాలి: మానేయాలంటే ఎన్ని రోజుల ముందు తెలపాలి, గాయమైనా సెలవులకు ఇండియా వెళ్లినా ఫీజు నిలిపివేస్తారా, మరో అకాడమీ ఓపెన్ మ్యాట్‌కు వెళ్లడానికి అభ్యంతరం ఉందా. ఈ మూడింటికీ నోటిమాటతో సరిపెట్టే చోట నెలవారీ పద్ధతిలో చేరడానికి ఒప్పుకుంటారేమో అడగండి. ఒప్పుకోకపోతే తర్వాతి అకాడమీకి వెళ్లి చూడండి.